మాథ్యూ బౌల్టన్

మాథ్యూ బౌల్టన్ (సెప్టెంబరు 3, 1728 - ఆగష్టు 17, 1809) ఇంగ్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ పారిశ్రామికవేత్త. బర్మింగ్‌హామ్ నగరం ప్రపంచ ప్రసిద్ధ పారిశ్రామిక కేంద్రంగా ఎదగడానికి కారకులైన వారిలో ఇతడు అగ్రగణ్యుడు. జేమ్స్ వాట్ రూపొందించిన ఆవిరి యంత్రానికి పెట్టుబడి పెట్టి, దానిని వ్యాపార స్థాయికి తెచ్చిన భాగస్వామిగా ఇతని పేరు పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. అయితే ఆవిరి యంత్రం బౌల్టన్ చేపట్టిన అనేక వ్యాపారాలలో ఒకటి మాత్రమే. బొత్తాలు, బూట్ల బకిల్సు, వెండి పాత్రలు, బంగారు పూత పూసిన అలంకార వస్తువులు, పతకాలు, నాణేలు ఇతని కర్మాగారంలో తయారయ్యేవి. ఆ నాణేలలో కొన్ని సముద్రాలు దాటి తెలుగునాట కూడా చెలామణి అయ్యాయి.

బాల్యం, కుటుంబం

బౌల్టన్ బర్మింగ్‌హామ్‌లో జన్మించాడు. తండ్రి పేరు కూడా మాథ్యూ బౌల్టనే. అతడు లిచ్‌ఫీల్డ్ నుండి వలస వచ్చి, చిన్న చిన్న లోహపు వస్తువులు తయారుచేసే వృత్తిలో స్థిరపడ్డాడు. తల్లి క్రిస్టియానా. వ్యాపారం కొంత కుదుటపడిన తరువాత ఈ కుటుంబం అప్పట్లో కొత్తగా వెలసిన స్నో హిల్ ప్రాంతానికి మారింది. డెరిటెండ్‌లోని ఒక చిన్న పాఠశాలలో బౌల్టన్ చదువు సాగింది. పదిహేనేళ్ళ లోపే బడి మాని తండ్రి పనిశాలలో చేరాడు.

పదిహేడేళ్ళ వయసులో బకిల్సులో మీనా పని పొదిగే ఒక పద్ధతిని ఇతడు కనిపెట్టాడని చెబుతారు. ఆ బకిల్సు ఫ్రాన్సు దేశానికి ఎగుమతి అయి, అక్కడినుండి సరికొత్త ఫ్రెంచి ఫ్యాషను పేరుతో తిరిగి ఇంగ్లాండుకే దిగుమతి అయ్యేవట. స్వదేశపు సరుకుకు పరదేశపు ముద్ర పడితేనే గిరాకీ రావడం ఆనాటి ఇంగ్లాండులోనూ ఉన్న సంగతే. ఇరవై ఒకటవ ఏట తండ్రి ఇతనిని వ్యాపారంలో భాగస్వామిగా చేర్చుకున్నాడు. అప్పటినుండి పనిశాల నిర్వహణ చాలావరకు కుమారుని చేతికే వచ్చింది.

ఆనాటి బర్మింగ్‌హామ్

బౌల్టన్ జీవితం అర్థం కావాలంటే ఆనాటి బర్మింగ్‌హామ్ వీధుల స్వరూపం కొంత తెలియాలి. అప్పటికి అది నగరం కాదు. పురపాలక సంఘం కూడా లేదు. 1838లో గాని దానికి పురపాలక హోదా, 1889లో గాని నగర హోదా లభించలేదు. పురపాలక సంఘం లేకపోవడం వల్ల పాత పట్టణాలలో వృత్తి సంఘాలు విధించే కట్టుబాట్లు కూడా ఇక్కడ లేవు. ఎవరైనా వచ్చి ఏ వృత్తినైనా చేపట్టవచ్చు. చర్చి ఆఫ్ ఇంగ్లాండుకు చెందని మతశాఖల వారికి ఇతర చోట్ల ఉన్న ఆంక్షలు ఇక్కడ అంతగా బాధించేవి కావు. ఈ వెసులుబాటు వల్ల నలుమూలల నుండి పనివారు వచ్చి చేరారు. 1801 జనాభా లెక్కల నాటికి జనసంఖ్య 73 వేలు దాటింది.

ఇళ్ళ వెనుక వసారాలలో, పెరటి షెడ్లలో ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క పని చేసేది. ఒక ఇంట అచ్చు కొట్టిన బొత్తాము మరొక ఇంట మెరుగుపెట్టబడి, ఇంకొక ఇంట పూత పూయబడి, నాలుగో చోట అట్టలపై కుట్టబడి బజారుకు చేరేది. బొత్తాలు, బకిల్సు, నశ్యపు డబ్బీలు, గడియారపు గొలుసులు వంటి ఈ చిల్లర సరుకునంతటినీ కలిపి అక్కడివారు బొమ్మల వ్యాపారం అనేవారు. పిల్లల ఆటబొమ్మలకూ దీనికీ సంబంధం లేదు. ఇందులో నాణ్యమైన పని ఎంత ఉండేదో నాసిరకం అనుకరణ కూడా అంతే ఉండేది. నగరం పేరును స్థానికులు పలికే తీరు నుండి పుట్టిన బ్రమ్మజెమ్ అనే మాట ఆంగ్లంలో చవకబారు నకిలీ వస్తువు అనే అర్థంలో స్థిరపడిపోయింది. దొంగ నాణేలకు కూడా ఈ ఊరు పేరుపడింది. తన ఊరి సరుకుకు పట్టిన ఈ అపకీర్తిని పోగొట్టడానికి బౌల్టన్ చేసిన ప్రయత్నం అతని వ్యాపారాలన్నిటిలోనూ కనిపిస్తుంది.

వివాహాలు

1749లో బౌల్టన్ లిచ్‌ఫీల్డ్‌కు చెందిన ధనిక వస్త్ర వ్యాపారి కుమార్తె మేరీ రాబిన్సన్‌ను వివాహమాడాడు. వారికి కలిగిన ముగ్గురు కుమార్తెలూ పసితనంలోనే చనిపోయారు. మేరీ 1759లో మరణించింది. అదే సంవత్సరం తండ్రి కూడా మరణించాడు. మరుసటి సంవత్సరం బౌల్టన్ మేరీ చెల్లెలు ఆన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. భార్య చనిపోతే మరదలిని చేసుకోవడం తెలుగువారికి వింత కాదు గాని, ఆంగ్ల మతశాసనం ప్రకారం అది నిషిద్ధం. ఇంగ్లాండులో ఇటువంటి వివాహాలకు చట్టసమ్మతి 1907లో గాని రాలేదు. ఆన్ కుటుంబం నుండి కూడా అభ్యంతరాలు వచ్చాయి. అందుచేత వీరి వివాహం స్వస్థలానికి దూరంగా, లండను సమీపంలోని రోథర్‌హైథ్ చర్చిలో జరిగింది.

వివాహిత స్త్రీ ఆస్తి భర్తకు చెందడం ఆనాటి చట్టం. కాబట్టి రాబిన్సన్ కుటుంబపు సంపద క్రమంగా బౌల్టన్ చేతికి వచ్చింది. సోహో కర్మాగారపు పునాదులలో ఈ అక్కచెల్లెళ్ళ సొమ్ము గణనీయంగా ఉంది. బౌల్టన్ జీవితచరిత్రలలో ఈ విషయానికి తగినంత ప్రాధాన్యత లభించలేదనే చెప్పాలి. ఆన్ ద్వారా ఇతనికి ఆన్ అనే కుమార్తె (1768), మాథ్యూ రాబిన్సన్ బౌల్టన్ అనే కుమారుడు (1770) కలిగారు. 1783లో ఆన్ బౌల్టన్ సోహో ఎస్టేటులోని కొలనులో మునిగి మరణించింది.

సోహో కర్మాగారం

1761లో బౌల్టన్ బర్మింగ్‌హామ్‌కు ఉత్తరాన రెండు మైళ్ళ దూరంలో, హ్యాండ్స్‌వర్త్ బీడుభూమిలో సోహో అనే చోట కొంత స్థలాన్ని కౌలుకు తీసుకున్నాడు. అక్కడ హాక్లీ వాగు నీటితో నడిచే ఒక రేకుల మిల్లు ఉండేది. మరుసటి సంవత్సరం జాన్ ఫోదర్‌గిల్ అనే వర్తకునితో భాగస్వామ్యం కుదిరింది. తయారీ వ్యవహారాలు బౌల్టన్, విదేశీ అమ్మకాలు ఫోదర్‌గిల్ చూసుకునేవారు.

1766 నాటికి సోహోలో ప్రధాన కర్మాగార భవనం పూర్తయింది. దూరం నుండి చూసేవారికి అది ఒక ప్రభువు నివసించే సౌధంలా కనిపించేది. మధ్యలో పెద్ద గడియారం, ముందు విశాలమైన ప్రాంగణం ఉండేవి. కింది అంతస్తులలో పనిశాలలు, గిడ్డంగులు, పైన కొందరు పనివారి నివాసాలు ఏర్పరచారు. అంతకు పూర్వం ఊరిలోని ఇరవై ఇళ్ళలో విడివిడిగా జరిగే పనులన్నీ ఇక్కడ ఒకే కప్పు కింద, ఒక గది తరువాత ఒక గదిలో వరుసగా జరిగేవి. ఖర్చు మాత్రం మొదటి అంచనాలకు చాలా మించిపోయింది. అప్పులు పెరిగాయి. తండ్రి ఇచ్చిన ఆస్తిని, భార్యల ద్వారా వచ్చిన భూములను తాకట్టు పెట్టడం, అమ్మడం జరిగింది. 1782లో ఫోదర్‌గిల్ మరణంతో ఆ భాగస్వామ్యం ముగిసే వరకు చిల్లర సరుకుల వ్యాపారం లాభాల కంటే పేరునే ఎక్కువ తెచ్చిపెట్టింది.

పేరు మాత్రం అసాధారణంగా వచ్చింది. దేశ విదేశాల నుండి ప్రభువులు, రాయబారులు, పండితులు సోహోను చూడటానికి వచ్చేవారు. బౌల్టన్ స్వయంగా వారిని వెంటబెట్టుకొని తిప్పి, చివరకు అమ్మకపు గదిలోకి తీసుకువెళ్ళేవాడు. మూడవ జార్జి రాజు, షార్లెట్ రాణి ఇతని ఖాతాదారులలో ఉన్నారు. బంగారు పూత పూసిన కంచు కుండీలు, గడియారాలు రాజప్రాసాదాలకు చేరాయి. రష్యా రాణి కాథరిన్ కూడా వీటిని కొనుగోలు చేసింది. అయినా ఈ విలాస వస్తువుల విభాగం నష్టాలతోనే నడిచింది. వచ్చే అతిథులలో కొందరు యంత్రాల రహస్యాలు తెలుసుకొని పోవడానికి వస్తున్నారని గ్రహించిన తరువాత, చివరి సంవత్సరాలలో సందర్శకులను అనుమతించడం మానివేశారు.

పనివారి కొరకు సోహోలో ఒక భీమా సంఘం నడిచేది. ప్రతివారూ తమ వేతనంలో అరవయ్యో వంతు చెల్లించేవారు. జబ్బు చేసినప్పుడు గాని, గాయపడినప్పుడు గాని వేతనంలో 80 శాతం వరకు భృతి అందేది. పసిపిల్లలను పనిలో పెట్టుకోవడానికి బౌల్టన్ నిరాకరించేవాడు. ఆ కాలపు కర్మాగారాల తీరుతో పోల్చితే ఇవి చెప్పుకోదగిన విషయాలు. నైపుణ్యం గల పనివాడు మరొకరి కొలువుకు పోకుండా నిలుపుకోవడం కూడా ఇందులోని ఉద్దేశమే. అయినప్పటికీ సోహోలో పని నేర్చుకొని ఊరిలో సొంత దుకాణాలు పెట్టుకున్నవారు అనేకులు. వారిలో ఎడ్వర్డ్ థామసన్ చర్చి స్ట్రీట్‌లో స్థాపించిన పనిశాల తరువాతి తరంలో సోహో అంతటి ప్రసిద్ధి పొందింది.

లంగరు ముద్ర

వెండి వస్తువులపై స్వచ్ఛతను ధ్రువీకరించే ముద్ర లేనిదే వాటిని అమ్మరాదని ఇంగ్లాండులో చట్టం ఉండేది. బర్మింగ్‌హామ్‌లో ఆ ముద్ర వేసే కార్యాలయం లేదు. వెండి పాత్రలను డెబ్బై మైళ్ళకు పైగా దూరంలో ఉన్న ఛెస్టర్‌కు గుర్రపు బండ్లపై పంపవలసి వచ్చేది. దారిలో గీతలు పడేవి, సొట్టలు పోయేవి, కొన్నిసార్లు దొంగిలించబడేవి. కొత్త నమూనాలు పోటీదారుల కంట పడే ప్రమాదం కూడా ఉండేది.

షెఫీల్డ్ నగరపు వెండి పనివారికి కూడా ఇదే కష్టం ఉండడంతో, ఇరు నగరాల వారు కలిసి పార్లమెంటును ఆశ్రయించారు. లండను స్వర్ణకారులు తీవ్రంగా వ్యతిరేకించారు. బౌల్టన్ లండనులో మకాం వేసి ఒక్కొక్క సభ్యుని కలిసి నచ్చజెప్పాడు. చివరకు 1773లో చట్టం ఆమోదం పొందింది. అదే సంవత్సరం ఆగష్టు 31న న్యూ స్ట్రీట్‌లోని కింగ్స్ హెడ్ అనే సత్రపు గదులలో కార్యాలయం ప్రారంభమయింది. తొలిరోజు ముద్ర కొరకు సరుకు తెచ్చినది బౌల్టన్ సంస్థే.

సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న బర్మింగ్‌హామ్‌కు లంగరు గుర్తు, షెఫీల్డ్‌కు కిరీటం గుర్తు లభించాయి. ఇరుపక్షాల వారు లండనులో క్రౌన్ అండ్ యాంకర్ అనే సత్రంలో సమావేశమయ్యేవారని, ఆ సత్రం పేరులోని రెండు వస్తువులను నాణెం ఎగురవేసి పంచుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఈ కార్యాలయం 1870లలో న్యూహాల్ స్ట్రీట్‌కు, 2015లో మోర్టన్ స్ట్రీట్‌కు మారింది. దాని చుట్టుపక్కల వీధులే జ్యువెలరీ క్వార్టర్ పేరుతో ఆభరణాల తయారీకి ప్రసిద్ధి పొందాయి.

జేమ్స్ వాట్, ఆవిరి యంత్రం

సోహో మిల్లుకు వాగు నీరే ఆధారం. వేసవిలో వాగు ఎండిపోయేది. అప్పుడు గుర్రాలను కట్టి చక్రం తిప్పవలసి వచ్చేది. కాలువ నుండి పోయిన నీటిని ఆవిరి సాయంతో తిరిగి కొలనులోకి తోడగలిగితే ఈ ఇబ్బంది తీరుతుందని బౌల్టన్ భావించాడు. ఈ విషయమై 1766లో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, ఒక నమూనాను కూడా అతనికి పంపాడు.

స్కాట్లాండులో జేమ్స్ వాట్ అప్పటికే విడి కండెన్సరు గల యంత్రాన్ని ఊహించి, 1769లో పేటెంటు పొందాడు. అందులో మూడింట రెండు వంతుల హక్కు అతనికి పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్‌ది. రోబక్ 1773లో దివాలా తీశాడు. అతడు బౌల్టన్‌కు 1200 పౌండ్లు బాకీ ఉన్నాడు. ఆ బాకీకి బదులుగా బౌల్టన్ పేటెంటు వాటాను తీసుకున్నాడు. మిగిలిన అప్పులవాళ్ళ దృష్టిలో ఆ వాటాకు విలువే లేదు. వాట్ 1774లో బర్మింగ్‌హామ్‌కు తరలివచ్చాడు. పేటెంటు గడువులో అప్పటికే కొన్ని సంవత్సరాలు గడిచిపోవడంతో, 1775లో పార్లమెంటు ద్వారా దానిని 1800 వరకు పొడిగింపజేశారు. బౌల్టన్ అండ్ వాట్ భాగస్వామ్యం కూడా ఆ సంవత్సరమే మొదలయింది.

వాట్ నమూనాకు కావలసినంత కచ్చితమైన సిలిండరు అప్పటివరకు ఎవరూ తయారుచేయలేకపోయారు. ఫిరంగి గొట్టాలు తొలవడానికి జాన్ విల్కిన్సన్ రూపొందించిన యంత్రం ఈ సమస్యను తీర్చింది. 1776లో తొలి యంత్రాలు రెండు పనిచేయడం ప్రారంభించాయి. వాటిలో ఒకటి టిప్టన్ సమీపంలోని బొగ్గు గనిలో నీరు తోడటానికి, రెండవది విల్కిన్సన్ ఇనుప కొలిమికి గాలి ఊదటానికి అమర్చబడ్డాయి.

యంత్రాన్ని అమ్మే పద్ధతి కూడా కొత్తదే. పాత న్యూకోమెన్ యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అవుతుందో లెక్కించి, ఆ ఆదాలో మూడో వంతు విలువను ఏటేటా చెల్లించాలని ఒప్పందం. బొగ్గు దొరకని కార్న్‌వాల్ ప్రాంతపు రాగి, తగరపు గనుల యజమానులకు మొదట ఇది ఎంతో లాభసాటిగా తోచింది. కొన్నేళ్ళు గడిచేసరికి అదే చెల్లింపు భారంగా అనిపించసాగింది. కొందరు ఎగవేశారు, మరికొందరు పేటెంటును ఉల్లంఘించి వేరే యంత్రాలు పెట్టుకున్నారు. ఈ వ్యాజ్యాలు 1799 వరకు నడిచి బౌల్టన్, వాట్‌లకు అనుకూలంగా ముగిశాయి. ఈ పేటెంటు ఇతరుల పరిశోధనలకు అడ్డుపడిందనే విమర్శ ఆనాటినుండి నేటివరకు ఉన్నది.

వాట్ స్వభావతః భయస్తుడు, తలనొప్పులతో బాధపడేవాడు, బేరసారాలంటే గిట్టనివాడు. అప్పులు మెడ మీద ఉన్నా అతనికి ధైర్యం చెబుతూ పని సాగించినది బౌల్టనే. గనులలో నీరు తోడే పనికి పరిమితమైన యంత్రాన్ని మిల్లుల చక్రాలు తిప్పేలా మార్చమని వాట్‌ను పట్టుబట్టినది కూడా ఇతడే. ఫలితంగా 1781లో చక్రభ్రమణ యంత్రానికి పేటెంటు లభించింది. దీనిని లోకానికి చూపడం కొరకు లండనులో ఆల్బియన్ పిండిమిల్లు నిర్మించారు. 1786లో మొదలైన ఆ మిల్లు 1791లో అగ్నికి ఆహుతయింది. అయినా అప్పటికే నూలు మిల్లులు, సారా బట్టీల నుండి ఆర్డర్లు రావడం మొదలయింది. 1800లో పేటెంటు ముగిసేనాటికి ఈ సంస్థ యంత్రాలు నాలుగు వందలకు పైగా పనిచేస్తున్నాయి. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో వెస్టిండీసు దీవులలో బానిసలచే సాగు చేయించే చెరకు తోటలకు కూడా సోహో యంత్రాలు ఎగుమతి అయ్యాయి.

స్మెథిక్ వద్ద కాలువ నీటిని తిరిగి పై మట్టానికి తోడటానికి 1779లో అమర్చిన యంత్రం 19వ శతాబ్ది చివరివరకు పనిచేసింది. పనిచేసే స్థితిలో మిగిలిన ఆవిరి యంత్రాలలో ప్రపంచంలోకెల్లా పాతదిగా పేరొందిన ఆ యంత్రం బర్మింగ్‌హామ్‌లోని థింక్‌ట్యాంక్ విజ్ఞాన ప్రదర్శనశాలకు చేరింది.

1777లో స్కాట్లాండు నుండి పని వెతుక్కుంటూ వచ్చిన విలియం మర్డాక్ అనే యువకుడు సోహోలో చేరాడు. అతడు స్వయంగా తరిణె పట్టి చేసుకున్న కొయ్య టోపీని చూసి బౌల్టన్ వెంటనే కొలువు ఇచ్చాడని చెబుతారు. బొగ్గు వాయువుతో దీపాలు వెలిగించే పద్ధతిని వృద్ధిచేసినది ఈ మర్డాకే. 1802లో ఫ్రాన్సుతో సంధి కుదిరిన సందర్భంగా సోహో భవనాన్ని గ్యాసు దీపాలతో అలంకరించారు.

లూనార్ సొసైటీ

బౌల్టన్, అతని మిత్రులు నెలకొకసారి పున్నమికి దగ్గరి రోజున ఒకరి ఇంట సమావేశమై భోజనం చేస్తూ విజ్ఞానశాస్త్ర విషయాలు చర్చించేవారు. వీధి దీపాలు లేని ఆ రోజులలో తిరుగు ప్రయాణానికి వెన్నెల అవసరం. అందుకే ఈ బృందానికి లూనార్ సొసైటీ అనే పేరు వచ్చింది. వైద్యుడు ఎరాస్మస్ డార్విన్ (చార్లెస్ డార్విన్ తాత), పింగాణీ పాత్రల తయారీదారు జొసయ్యా వెడ్జ్‌వుడ్, ప్రాణవాయువును కనుగొన్నవారిలో ఒకడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీ, వైద్యుడు విలియం విథరింగ్, రసాయన వేత్త జేమ్స్ కీర్, వాట్ ఇందులో ముఖ్యులు. సోహో హౌస్‌లోని భోజనశాల వీరి సమావేశ స్థలాలలో ఒకటి. 1785లో బౌల్టన్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

1791 జూలైలో ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించేవారిపై, చర్చి ఆఫ్ ఇంగ్లాండుకు చెందని మతశాఖలవారిపై బర్మింగ్‌హామ్‌లో అల్లర్లు చెలరేగాయి. ప్రీస్ట్‌లీ ఇల్లు, గ్రంథాలయం, ప్రయోగశాల దగ్ధమయ్యాయి. సోహోలో పనివారికి ఆయుధాలిచ్చి కాపలా పెట్టారు. అల్లరిమూకలు అటువైపు రాలేదు. ప్రీస్ట్‌లీ మళ్ళీ బర్మింగ్‌హామ్‌లో నివసించలేదు. 1794లో అమెరికాకు వలసపోయాడు. లూనార్ సొసైటీ ఆ దెబ్బనుండి కోలుకోలేదు.

సోహో టంకశాల

1780ల నాటికి ఇంగ్లాండులో రాగి నాణేల పరిస్థితి అధ్వాన్నంగా ఉండేది. ప్రభుత్వ టంకశాల 1775 నుండి రాగి నాణేలు ముద్రించడం మానివేసింది. చెలామణిలో ఉన్నవాటిలో అధికభాగం దొంగ నాణేలే. కూలి డబ్బులలో వచ్చిన ఆ నాణేలను దుకాణదారులు తీసుకోకపోతే నష్టపోయేది పేదవారే. ఆ దొంగ నాణేలు బర్మింగ్‌హామ్ పెరళ్ళలోనే ఎక్కువగా తయారవుతున్నాయన్నది అందరికీ తెలిసిన విషయం. బరువు, వ్యాసం, అంచు అన్నీ ఒక్క తీరుగా ఉండే నాణెం తయారుచేస్తే దొంగ నాణెం గిట్టుబాటు కాదని బౌల్టన్ వాదించాడు. మనిషి చేతితో అది సాధ్యం కాదు, ఆవిరి యంత్రంతో సాధ్యమవుతుంది.

1788లో సోహోలో ఆవిరితో నడిచే టంకశాల నెలకొల్పాడు. ఒక్కొక్క యంత్రం నిమిషానికి 70కి పైగా నాణేలు ముద్రించగలిగేది. ప్రభుత్వపు కాంట్రాక్టు వెంటనే వస్తుందని ఆశించాడు. అది రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఈలోగా యంత్రాలు ఖాళీగా ఉండకుండా వర్తకుల టోకెన్లు, పతకాలు, ఫ్రాన్సు, సియెర్రా లియోన్, ఈస్టిండియా కంపెనీల కొరకు నాణేలు ముద్రించాడు.

1797లో చివరకు ప్రభుత్వం పెన్నీ, రెండు పెన్నీల నాణేల ముద్రణను ఇతనికి అప్పగించింది. పెన్నీ బరువు సరిగ్గా ఒక ఔన్సు, రెండు పెన్నీలది రెండు ఔన్సులు. వెడల్పాటి ఉబ్బెత్తు అంచు వల్ల ప్రజలు వీటిని బండి చక్రాలు అని పిలిచేవారు. నిజాయితీ గల నాణెమే గాని జేబుకు మోయరాని బరువు. తరువాత రాగి ధర పెరగడంతో చాలా నాణేలను కరిగించివేశారు. 1799 నుండి తక్కువ బరువుతో ముద్రించారు. లండను టవర్ హిల్ వద్ద నిర్మించిన కొత్త ప్రభుత్వ టంకశాలకు, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాలకు యంత్రాలను సోహో వారే సమకూర్చారు.

తెలుగునాట సోహో నాణేలు

సోహో ముద్రణాలయానికి ఈస్టిండియా కంపెనీ తొలి ఖాతాదారులలో ఒకటి. టంకశాల పూర్తి కాకమునుపే, 1786లో సుమత్రాలోని కంపెనీ స్థావరం కొరకు బౌల్టన్ నాణేలు సరఫరా చేశాడు. 1791లో బొంబాయి కొరకు నాణేలు తయారయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉత్తర సర్కారుల (గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలు) కొరకు 1794లో రాగి నాణేలు ముద్రించబడ్డాయి. ఒక వైపు కంపెనీ రాజముద్ర, మరొక వైపు వర్తక చిహ్నం ఉండేవి. రూపాయికి 48 చొప్పున చెల్లేది ఒకటి, 96 చొప్పున చెల్లేది మరొకటి. ఆ కాలంలో ఈ ప్రాంతంలో రాగి నాణేన్ని డబ్బు అని వ్యవహరించేవారు. నేడు ఆ మాట సొమ్ము అనే సాధారణార్థంలో మిగిలింది.

1803లోనూ 1808లోనూ మద్రాసు ప్రెసిడెన్సీ కొరకు కాసుల లెక్కన నాణేలు ముద్రించారు. 20 కాసులు, 10 కాసుల నాణేలు వీటిలో ముఖ్యమైనవి. వీటిపై కంపెనీ రాజముద్ర, వెనుక వైపు పారశీక లిపిలో విలువ ఉండేవి. వాడుకలో ఉన్న తెలుగు, తమిళ లిపులకు ఈ నాణేలపై చోటు దక్కలేదు. 1808 నాటి నాణేలతో మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో తుఫానుకు చిక్కి, ఇంగ్లాండు తీరంలోనే గుడ్విన్ ఇసుక తిన్నెలపై మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్ళు ఆ ఓడ నుండి లక్షల సంఖ్యలో నాణేలను వెలికితీశారు. తెలుగు, తమిళ దేశాల సంతలలో అరిగిపోవలసిన కాసులు ఆ విధంగా కొత్త మెరుపుతో నాణేల సేకరణకర్తల పెట్టెలలోకి చేరాయి.

చివరి సంవత్సరాలు

బౌల్టన్ 1794లో స్టాఫర్డ్‌షైర్ హై షరీఫ్ పదవి నిర్వహించాడు. 1779లో ప్రారంభమైన బర్మింగ్‌హామ్ జనరల్ ఆసుపత్రి స్థాపనకు, న్యూ స్ట్రీట్ నాటకశాలకు అనుమతి సంపాదించడానికి కృషి చేశాడు. 1796లో స్మెథిక్ వద్ద కాలువ ఒడ్డున సోహో ఫౌండ్రీ ప్రారంభమయింది. అంతవరకు యంత్ర భాగాలను ఇతరుల వద్ద చేయించి తెచ్చిన సంస్థ, అప్పటినుండి యంత్రాన్నంతటినీ తానే తయారుచేయసాగింది. 1800లో వాట్ విశ్రాంతి తీసుకొనగా భాగస్వామ్యం ఇరువురి కుమారులకు సంక్రమించింది. బౌల్టన్ మాత్రం టంకశాల పని వదలలేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న నావికులకు సొంత ఖర్చుతో పతకాలు ముద్రించి ఇచ్చాడు.

మూత్రపిండాలలో రాళ్ళ వ్యాధితో చాలాకాలం బాధపడి, 1809 ఆగష్టు 17న సోహో హౌస్‌లో మరణించాడు. హ్యాండ్స్‌వర్త్‌లోని సెయింట్ మేరీ చర్చిలో సమాధి చేశారు. వాట్ (1819), మర్డాక్ (1839) సమాధులు కూడా అదే చర్చిలో ఉన్నాయి.

నగరంలో మిగిలిన గుర్తులు

సోహో కర్మాగారం 19వ శతాబ్ది మధ్యకాలంలో కూల్చివేయబడింది. 1850లో టంకశాల యంత్రాలను వేలం వేయగా, రాల్ఫ్ హీటన్ వాటిలో కొన్ని కొని తన సొంత టంకశాలను ప్రారంభించాడు. బర్మింగ్‌హామ్ మింట్ పేరుతో ఎదిగిన ఆ సంస్థ అనేక దేశాలకు నాణేలు ముద్రించి, 2003లో మూతపడింది. కర్మాగారం ఉన్న స్థలం మీద ఇళ్ళు, వీధులు వెలిశాయి. ఫ్యాక్టరీ రోడ్డు అనే పేరు మాత్రం మిగిలింది. ఏ ఫ్యాక్టరీ అని అడిగితే చూపడానికి అక్కడ గోడ కూడా లేదు. ఆ పక్కనే సాగే సోహో రోడ్డు 20వ శతాబ్ది ద్వితీయార్థంలో పంజాబు నుండి, కరీబియన్ దీవుల నుండి వలస వచ్చిన వారి దుకాణాలతో నిండింది. చీరల అంగళ్ళు, మిఠాయి దుకాణాలు, బంగారు నగల దుకాణాలు అక్కడ వరుసగా కనిపిస్తాయి.

బౌల్టన్ నివసించిన సోహో హౌస్‌ను నగరపాలక సంస్థ 1995లో ప్రదర్శనశాలగా మార్చింది. వేడి గాలిని గొట్టాల ద్వారా గదులకు పంపే ఏర్పాటు ఆ ఇంటి విశేషాలలో ఒకటి. బౌల్టన్, వాట్ కుటుంబాల ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, యంత్రాల చిత్రపటాలు బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో భద్రపరచబడ్డాయి.

బౌల్టన్, వాట్, మర్డాక్ ముగ్గురూ ఒక యంత్రపు పటాన్ని పరిశీలిస్తున్నట్లు విలియం బ్లాయ్ రూపొందించిన బంగారు పూత విగ్రహాన్ని 1956లో బ్రాడ్ స్ట్రీట్‌లో ఆవిష్కరించారు. వారి చేతిలోని కాగితపు చుట్ట తివాచీలా కనిపించడం వల్ల నగరవాసులు దీనిని తివాచీలు అమ్మేవాళ్ళు అని సరదాగా పిలుస్తారు. ట్రాము మార్గం పనుల కొరకు 2017లో తొలగించిన ఈ విగ్రహాన్ని 2022లో సెంటినరీ స్క్వేర్‌లో తిరిగి నెలకొల్పారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు 2011లో బౌల్టన్, వాట్ చిత్రాలతో 50 పౌండ్ల నోటు విడుదల చేసింది. ఆ నోటు 2022 సెప్టెంబరు 30తో చెలామణి నుండి ఉపసంహరించబడింది. 2014లో వెస్ట్‌మినిస్టర్ ఆబేలో బౌల్టన్ స్మారక ఫలకాన్ని వాట్ స్మారకం సమీపంలో అమర్చారు.

స్మెథిక్‌లోని సోహో ఫౌండ్రీ స్థలం 1890లలో తూనిక యంత్రాలు తయారుచేసే ఏవరీ సంస్థ చేతికి వచ్చింది. భారతదేశంలో రైల్వే గిడ్డంగుల నుండి కిరాణా దుకాణాల వరకు సుపరిచితమైన ఏవరీ కాటా ఈ సంస్థదే.